చెక్ పింగాణీ టీ, కాఫీ సెట్లు సేకరించడం ఎలా: ముద్ర చదవడం నుంచి అల్మరాలో సర్దడం దాకా

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు కప్పుల అందం చూసి సెట్ కొనేస్తారు. ఇంటికొచ్చి సర్దుకుంటున్నప్పుడు చూస్తే మూత పాట్ మీద కూర్చోదు, లేదా ఆరు కప్పుల్లో రెండు వేరే తెలుపు. డబ్బు పెట్టాల్సింది ముందుగా పాట్ మీద, దాని సొంత మూత మీద. ఎక్కువగా పగిలేవి మూతలే, విడిగా దొరకడమూ వాటికే కష్టం. కప్పులు తరువాతైనా ఒక్కొక్కటిగా పోగవుతాయి. సాసర్లకైతే కరువే ఉండదు.

ఈ వరుసలోనే వెళ్ళండి. ముఖ్యంగా 4, 5 దశలను వదిలేయకండి.

1. ముందు ఒక ఆకారం ఎంచుకోండి

"చెక్ పింగాణీ సేకరిస్తాను" అని బయలుదేరితే అల్మరా నిండుతుంది కానీ సెట్ కుదరదు. ఒక ఆకారం, ఒక అలంకరణ, ఒక కాలం తేల్చుకోండి.

మొదటిసారి కొనేవారికి ఇప్పటికీ తయారవుతున్న ఆకారమే మేలు. తూన్ కంపెనీ బెర్నడాట్, లియాండర్ కంపెనీ మేరీ-ఆన్, సొనాటా ఆకారాలు అలాంటివి. కప్పు పగిలితే కొత్తది తెచ్చుకోవచ్చు. చెయ్యి, చూపు అలవాటయ్యాక పాతవాటి జోలికి వెళ్ళండి.

గులాబీ రంగు పింగాణీ కావాలంటే ఒక పరీక్ష గుర్తుపెట్టుకోండి. అసలైనదానిలో రంగు మట్టిలోనే కలిసి ఉంటుంది. కప్పు తిరగేసి, గ్లేజు (పైనుండే గాజులాంటి పూత) లేని అడుగు అంచు చూడండి. అక్కడా గులాబీగానే ఉండాలి. అక్కడ తెల్లగా ఉంటే పైన వేసిన రంగని అర్థం.

నీలి ఉల్లిపూవు అలంకరణ మీద మనసుంటే, చెక్ సరుకు ప్రధానంగా తెప్లిత్సె పక్కన ఉన్న దూబీ నుంచి వచ్చింది. అక్కడ 1885 నుంచి ఆ అలంకరణ వేశారు. అదే అలంకరణను జర్మనీ మైసెన్ కర్మాగారమూ, ఇంకా ఎన్నో కర్మాగారాలూ వేశాయి. అండాకారపు గీతలో మైసెన్ అన్న పేరు కనిపించగానే ఆ పేరుపొందిన కర్మాగారపు సరుకని ధర పెంచేవారుంటారు. దాని గుర్తు అడ్డంగా పెట్టిన రెండు కత్తులు, పేరు కాదు.

2. సెట్ లెక్క తేల్చుకోండి

ప్రకటనలో కనిపించే అంకె దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి. ఒక అమ్మకందారు మూతలను లెక్కలోకి తీసుకుంటాడు, మరొకడు తీసుకోడు.

- ఆరుగురి సెట్: 6 కప్పులు, 6 సాసర్లు, పాట్, పంచదార గిన్నె, పాల జగ్గు. మొత్తం 15.
- అదే సెట్, రెండు మూతలూ విడిగా లెక్కిస్తే 17.
- 6 చిన్న పళ్ళేలు కలిస్తే, మూతలు లెక్కించకుండా 21.
- పన్నెండుగురి సెట్: 12 కప్పులు, 12 సాసర్లు, మిగతా మూడూ. మొత్తం 27.

కాబట్టి "17 వస్తువులు" అని చూసి రెండు కప్పులు ఎక్కువొస్తాయని మురిసిపోకండి. పేరుపేరునా జాబితా రాసి పంపమనండి.

టీ సెట్టా, కాఫీ సెట్టా అన్నది కూడా చూసుకోవాలి. టీ పాట్ బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. లోపల కొమ్ము మొదట్లో సాధారణంగా జల్లెడలాంటి రంధ్రాలుంటాయి. కాఫీ పాట్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. టీ కప్పు వెడల్పు, సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. కాఫీ కప్పు నిలువుగా ఉండి 150 దాకా, చిక్కటి కాఫీకి వాడే మోకా కప్పు 100 లేదా అంతకన్నా తక్కువ పడతాయి. టీ పాట్ పక్కన కాఫీ కప్పులు పెట్టి అమ్మే సెట్లు చాలా తిరుగుతుంటాయి. అలంకరణ ఒకటే కావడంతో మొదటి చూపులో తేడా పట్టుబడదు.

మన ఇళ్ళలో ఫిల్టర్ కాఫీ తాగేవారికి కాఫీ సెట్టే ఎక్కువ పనికొస్తుంది. డికాక్షన్ పాట్‌లో, వేడి పాలు జగ్గులో పెట్టి ఎవరికి కావలసినట్టు వారు కలుపుకోవచ్చు. పాలతో మరిగించిన టీని పాట్‌లో పోసి ఉంచితే మీగడ కట్టి కొమ్ములో అడ్డుపడుతుంది.

3. పనిముట్లు, చూపు

ఇవి సంచిలో ఉండాలి:

- 10 రెట్ల భూతద్దం
- సన్నని వెలుగుకట్ట ఉన్న చిన్న టార్చి
- 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి
- మెత్తని కొలత టేపు, చిన్న వంటింటి తూకం
- మీ దగ్గరున్న ముక్కల ముద్ర, అంకెలు, ఎత్తు, అంచు వ్యాసం రాసిన చిన్న పుస్తకం

చూపుకు శిక్షణ కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదులు ఉన్నాయి. అక్కడ కప్పు బొమ్మకన్నా బంగారు అంచు ఎలా ఆగిందో, కాడ కప్పుకు ఎక్కడ అతికిందో చూడండి. చెక్ దేశం వెళ్ళేవారు క్లాష్టెరెట్స్ నాద్ ఒహ్రీ కోటలోని పింగాణీ మ్యూజియానికి ఒక పూట కేటాయించుకోవచ్చు.

4. ముద్ర చదవడం

కప్పు తిరగేయగానే కనిపించే ముద్ర మూడు సంగతులు చెబుతుంది: దేశం, ఊరు, కర్మాగారం. ఈ వరుసలోనే చదవండి.

దేశం. అమెరికా 1891 నుంచి దిగుమతుల మీద దేశం పేరు తప్పనిసరి చేసింది. బొహీమియా (నేటి చెక్ దేశంలోని పెద్ద భాగం) సరుకు అక్కడికి విరివిగా పోయింది కాబట్టి ముద్రల్లో దేశం పేరు అప్పటినుంచే బాగా కనిపిస్తుంది.

- ఆస్ట్రియా: సాధారణంగా 1918కి ముందు. అప్పట్లో బొహీమియా ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది.
- చెకోస్లోవాకియా: 1918 నుంచి 1938, మళ్ళీ 1945 నుంచి 1992.
- జర్మనీ, పక్కన కార్లొవీ వారీ ప్రాంతపు ఊరి పేరు: 1938 అక్టోబరులో ఆ ప్రాంతం జర్మనీలో కలిసింది, 1945 దాకా అలాగే ఉంది.
- చెక్ రిపబ్లిక్: 1993 నుంచి.

దేశం పేరు లేకపోయినంత మాత్రాన అది 1891కి ముందుదని కాదు. యూరప్‌లోనే అమ్ముడుపోయిన సరుకు మీద ఆ తరువాత కూడా దేశం వేయని సందర్భాలున్నాయి. "చాలా పాతది, అందుకే దేశం లేదు" అనే మాటకు అదనంగా పైసా కూడా ఇవ్వనక్కర్లేదు.

ఊరు. చెకోస్లోవాకియా అని ఉన్నప్పుడు యుద్ధానికి ముందుదా, తరువాతదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఊరి పేరు ఏ రూపంలో ఉందో చూడండి. ఎల్బోగెన్, ఖొదావ్, పిర్కెన్‌హామర్, ఆల్ట్‌రోలావ్ జర్మన్ రూపాలు. లోకెత్, ఖొదొవ్, బ్ర్జెజోవా, స్తారా రోలె అదే ఊళ్ళ చెక్ రూపాలు. చెక్ రూపం ఉంటే 1945 తరువాతదని అనుకోవడానికి బలం ఎక్కువ. జర్మన్ రూపం ఉన్నంత మాత్రాన పాతదని తేల్చకండి. 1945లో కర్మాగారాలు ప్రభుత్వపరమైనా, పిర్కెన్‌హామర్ లాంటి పేరుపడ్డ గుర్తులు ఎగుమతి సరుకు మీద కొనసాగాయి.

కర్మాగారం. ఎక్కువగా ఎదురయ్యేవి:

- అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు: పిర్కెన్‌హామర్
- టీకే అక్షరాలు: క్లాష్టెరెట్స్‌లోని తూన్
- ఎస్ అక్షరం: హోర్నీ స్లావ్‌కోవ్ పాత సరుకు. 1867 తరువాతి సరుకు మీద హాస్ అండ్ చిజెక్ పేరు
- ఎంజెడ్: ఆల్ట్‌రోలావ్‌లోని మోరిట్జ్ జ్డెకావర్
- కిరీటం, విక్టోరియా అన్న పేరు: ఆల్ట్‌రోలావ్‌లోని ష్మిట్ కంపెనీ
- ఎపియాగ్: 1920లో ఈ పేరు పెట్టుకున్న కర్మాగారాల సమూహం. ఊరి పేరు పక్కనే ఉంటుంది

ముద్ర కింద, పక్కన చిన్న అంకెలుంటాయి. మట్టిలోకి దిగబడినట్టున్నవి ఆకారానికో సైజుకో చెందినవి. పైన రంగుతో వేసినవి అలంకరణ సంఖ్య, పని చేసిన చెయ్యి గుర్తు. అలంకరణ సంఖ్య సెట్ మొత్తానికి ఒకటే ఉండాలి. పనివాడి గుర్తు మారితే దిగులు పడనక్కర్లేదు, ఆరు కప్పులకూ ఒకరే బంగారు గీత గీసి ఉండాలని లేదు.

ఒక్కోసారి రెండు ముద్రలుంటాయి. గ్లేజు కింద ఆకుపచ్చగానో నీలంగానో ఉన్నది తెల్ల పింగాణీ చేసిన కర్మాగారానిది. గ్లేజు మీద, వేలికి తగిలేలా ఉన్నది దాని మీద బొమ్మ వేసిన వేరే పనిశాలది. ఇది మోసం కాదు, ఆనాటి పద్ధతే.

మోసపోయే చోటు తేనెపట్టు గుర్తు. వియన్నా రాజ కర్మాగారం డాలు గుర్తును తలకిందులుగా చూస్తే తేనెపట్టులా కనిపిస్తుంది. ఆ కర్మాగారం 1864లోనే మూతపడింది. ఆ తరువాత బొహీమియాతో సహా ఎన్నో చోట్ల ఆ గుర్తును వాడుకున్నారు. ప్రేమికుల బొమ్మ, ముదురు రంగు అంచు, తేనెపట్టు గుర్తు మూడూ కలిసి కనిపిస్తే అలంకరణ సరుకు ధరే ఇవ్వండి, రాజ కర్మాగారపు ధర కాదు.

5. చేతిలోకి తీసుకుని చూడటం: ఈ వరుసలో

ముందుగా అమ్మేవారి అనుమతి అడగండి. ఉంగరాలు తీసి, బల్ల మీద తువాలు పరిచి, పాట్‌ను రెండు చేతులతో పట్టుకోండి. కాడ పట్టుకుని ఎత్తకండి. పాత అతుకు ఉంటే అక్కడే ఊడుతుంది.

1. మూత. మూత పెట్టి మెల్లగా తిప్పండి. ఊగకుండా కూర్చోవాలి. తెలుపు, బంగారపు ఛాయ, అరుగుదల పాట్‌తో కలవాలి. పాట్ మీద బంగారం అరిగిపోయి మూత మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఆ మూత మరో చోటిది.
2. కొమ్ము చివర. పెచ్చు ఊడేది ముందుగా ఇక్కడే. వేలి కొనతో అంచు చుట్టూ తడమండి. కంటికి కనపడనిది గోటికి తగులుతుంది.
3. కాడ అతుకులు. టార్చి పక్కనుంచి వేయండి. తరువాత గది చీకటి చేసి అతినీలలోహిత కాంతి వేయండి. జిగురు, పూడ్చిన పదార్థం, తరువాత వేసిన రంగు పింగాణీకన్నా వేరుగా మెరుస్తాయి. ఆ వెలుగును కంట్లోకి పడనివ్వకండి.
4. కప్పులు. అరచేతిలో అడుగు ఆనించి, గోటితో అంచును మెల్లగా కొట్టండి. ఖంగుమని మోగి నిలవాలి. బీటు ఉంటే మోత టక్కున ఆగుతుంది. వేరే చెయ్యి కాడను తాకుతుంటే మంచి కప్పు కూడా మోగదు, అది చూసుకోండి.
5. వెలుగులో. కప్పు లోపల టార్చి పెట్టి చూడండి. వెంట్రుకలాంటి బీటు నల్ల గీతగా కనిపిస్తుంది.
6. వరుస. ఆరు కప్పులనూ కిటికీ దగ్గర పగటి వెలుగులో వరుసగా పెట్టండి. ఒకటి నీలిఛాయ తెలుపు, మరొకటి మీగడఛాయ అయితే అవి కలిపి చేర్చినవి. అనుమానముంటే తూచండి. కొద్ది గ్రాముల తేడా మామూలే, ఒక్కటి మాత్రం బాగా బరువుంటే ఎత్తు, అంకెలు మళ్ళీ చూడండి.
7. బంగారం. అంచు, కాడ పైభాగం ముందు అరుగుతాయి. భూతద్దంలో కుంచె చారలు కనిపించి, బంగారం పెచ్చు లోపలికి కూడా దిగి ఉంటే తరువాత బట్టీలో కాల్చకుండా పూసిన రంగు అది.

బట్టీలో వచ్చిన లోపానికీ తరువాత తగిలిన దెబ్బకూ తేడా తెలిసి ఉండాలి. నల్ల చుక్క, సూదిపోటులాంటి రంధ్రం, గ్లేజు కప్పిన చిన్న గరుకు తయారీలోవి. గ్లేజు కప్పి ఉంటే తయారీలోది, పచ్చి మట్టి బయటపడితే దెబ్బ. మొదటిదానికి నేను పెద్దగా బేరమాడను. రెండోది పాట్ మీద ఉంటే సెట్ వదిలేస్తాను.

ఇంకొకటి. కార్లొవీ వారీ పింగాణీ గట్టి రకం, 1,400 డిగ్రీల దరిదాపుల్లో కాలుతుంది. దాని గ్లేజు మీద సాలెగూడులాంటి గోధుమరంగు పగుళ్ళు రావడం అరుదు. అలాంటి వల ఒళ్ళంతా ఉంటే అది తక్కువ వేడిలో కాల్చిన మరో రకం మట్టి కావచ్చు. కార్ల్స్‌బాద్ (కార్లొవీ వారీకి జర్మన్ పేరు) అని ముద్ర ఉన్నా ఒకసారి ఆగండి.

6. ఆన్‌లైన్‌లో కొంటుంటే

అమెరికాలో ఉండే తెలుగువారికి ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్ మంచి చోటు. కార్ల్స్‌బాద్ పేరున్న పాత సరుకు అక్కడ తరచూ తగులుతుంది. భారత్ నుంచి కొనేవారు ఫొటోల మీదే ఆధారపడాలి కాబట్టి అడగాల్సినవి అడిగే తీరాలి.

- ప్రతి ముక్క అడుగు ఫొటో. ఒక్క ముద్ర చూపించి మిగతావీ అంతే అంటే ఒప్పుకోవద్దు
- మూత తీసి, తిరగేసి, పాట్ మూతి పక్కన
- కొమ్ము చివర, కాడ అతుకులు దగ్గరగా
- ఆరు కప్పులు పైనుంచి, బంగారు అంచు కనిపించేలా
- ఒక కప్పు పక్కన స్కేలు
- "బీటు, పెచ్చు, అతుకు, తిరిగి పూసిన బంగారం ఏమైనా ఉన్నాయా?" అన్న ప్రశ్నకు రాతపూర్వక జవాబు

ఆఖరి ప్రశ్నకు "వయసుకు తగ్గట్టుగా ఉంది" అని జవాబొస్తే అది జవాబు కాదు. మళ్ళీ అడగండి.

7. ప్రేగ్ నుంచి తెచ్చుకుంటుంటే

యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారు ఒకే దుకాణంలో ఒకే రోజు 2,000 చెక్ కొరునాలకు మించి కొంటే పన్ను వాపసు కోరవచ్చు. దుకాణంలోనే ఆ పత్రం అడగాలి. విమానాశ్రయంలో సామాను చెక్-ఇన్ చేయకముందే కస్టమ్స్‌కు చూపించి ముద్ర వేయించుకోవాలి. కోల్బెనొవా లాంటి పాత సామాను సంతల్లో ఈ వెసులుబాటు ఆశించకండి. పురాతన వస్తువైతే దేశం దాటించడానికి ధ్రువపత్రం కావాలేమో అమ్మేవారినే అడిగి, బిల్లుతోపాటు ఉంచుకోండి.

ప్యాకింగ్ వరుస:

1. మూత విడిగా చుట్టండి. పాట్ మీద పెట్టి టేపు వేయకండి.
2. పాట్ లోపల మెత్తని కాగితం వదులుగా నింపండి. కుక్కకండి.
3. కొమ్ముకు, కాడకు విడివిడిగా చుట్టి, ఆ తరువాత మొత్తం చుట్టండి.
4. కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టకండి. సాసర్లు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి.
5. పెట్టెలో పెట్టె. రెండింటి మధ్య అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్త.
6. మూసి ఊపి చూడండి. లోపల కదలిక తెలిస్తే విప్పి మళ్ళీ సర్దండి.

పాట్, మూతలు చేతి సంచిలో రావాలి. సూట్‌కేసులో సాసర్లు పోయినా భరించవచ్చు.

8. కడగడం, వాడటం

గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి సబ్బు, మెత్తని గుడ్డ. ప్లాస్టిక్ టబ్బులో, ఒక్కొక్కటిగా. స్టీలు సింకులో కడగకండి. బంగారం ఉన్నది డిష్‌వాషర్‌లోకి, మైక్రోవేవ్‌లోకి వెళ్ళకూడదు.

మన దగ్గర బోరు నీళ్ళతో కడిగి ఆరబెడితే తెల్ల మచ్చలు మిగులుతాయి. చివరి తడుపు వడపోసిన నీళ్ళతో చేసి వెంటనే తుడిచేయండి. మచ్చ పోవాలని నిమ్మకాయ, వెనిగర్ బంగారం మీద రుద్దకండి.

కప్పు లోపలి టీ మరకకు వంటసోడా ముద్ద పనిచేస్తుంది, అంచుకు తగలకుండా లోపల మాత్రమే. బ్లీచ్ వద్దు.

వేడి పోసేముందు పాట్‌ను గోరువెచ్చని నీళ్ళతో కడిగి కాస్త వెచ్చబెట్టండి. గ్లేజు మీద వేసిన పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అందుకని లోపలివైపు బొమ్మలున్న పాత కప్పుల్లో నిమ్మ టీ లాంటి పుల్లటివి పోయకండి. అవి అలంకరణకే ఉంచండి.

9. అల్మరా

సాసర్ల మధ్య మెత్తని గుడ్డ పెట్టండి, లేకపోతే ఒకదాని అడుగు మరొకదాని బంగారాన్ని గీకుతుంది. కప్పులను కాడతో కొక్కేలకు వేలాడదీయకండి. మూత పక్కన పెట్టండి, లేదా పల్చటి కాగితం మధ్యలో వేసి పాట్ మీద పెట్టండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

- బీటున్న కప్పు అంటగట్టారు. జిగురు వేయకండి. వాడకం నుంచి తీసి వెనక వరుసలో పెట్టి, జత కోసం వెతకండి.
- బీటులో గోధుమరంగు దిగింది. తక్కువ గాఢత ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని బీటు మీద ఉంచితే మరక తేలికవుతుంది. బంగారానికి తగలనివ్వకండి. బీటు మాత్రం పోదు.
- అరిగిన బంగారం. బజారు బంగారు రంగు పూయకండి. సరైన పూతకు మళ్ళీ బట్టీ కావాలి. అరుగుదలను ఉన్నట్టే ఉంచితే విలువ తక్కువ తగ్గుతుంది.
- రెండు సెట్లు కలిసిపోయాయి. అలంకరణ సంఖ్యను బట్టి విడదీసి, ఏది పూర్తికి దగ్గరగా ఉందో దాన్నే పూరించండి.

11. లోటు ముక్కలు పూరించడం

ఒక్క కప్పు కోసం వెతికేటప్పుడు "నీలి పూల కప్పు" అని అడిగితే దొరకదు. కర్మాగారం, ఆకారం పేరు, అలంకరణ సంఖ్య, ఎత్తు, అంచు వ్యాసం, సాసర్ మధ్య గుంట వ్యాసం, అన్నీ ఒకే సందేశంలో పంపండి. గుంట కొలత చాలామంది మరిచిపోతారు. కప్పు అందులో సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ ఎంత కలిసినా జత కుదరదు.

మీ ఆకారంలో విడి మూత కంటబడితే అవసరం లేకపోయినా కొని పెట్టుకోండి. సెట్లు చేరేకొద్దీ సాసర్లు మిగిలిపోతుంటాయి. వాటిని పారేయకండి, అదే అలంకరణ సేకరించే మరొకరి దగ్గర మీకు కావలసిన కప్పు ఉంటే మార్చుకోవచ్చు.